దిగమింగడం కూడా ఒక గుణమేనా?

దిగమింగేవాళ్ళంటే మనకి ఎంత గౌరవమో! "ఆవిడ ఎంత కష్టాన్నయినా దిగమింగుకుంటుందమ్మా, నోరు విప్పి ఒక్క మాట అనదు" అన్నామంటే ఆడదానికి అంతకు మించిన సర్టిఫికెట్ లేదు. నా నవలల్లో కథానాయికల చేత నేనూ బోలెడు దిగమింగించాను. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం సిగ్గుగా ఉంది. ఎందుకో చెబుతాను.

నాలుగేళ్ళ కిందట వరలక్ష్మీ వ్రతం రోజున మా అత్తగారు తన కట్టుడు పళ్ళు మింగేశారు.

నవ్వొస్తోంది కదూ? చెప్పొద్దూ, ముందు నాకూ నవ్వే వచ్చింది. పై వరసలో మూడు పళ్ళు. గులాబీరంగు ప్లాస్టిక్ ముక్క మీద వాటిని అమర్చి, పక్క పళ్ళని పట్టుకోవడానికి రెండు తీగ కొక్కేలు పెట్టారు. అది వదులైందని ఆవిడ అంతకు ముందే రెండుసార్లు చెప్పారు. "అమ్మాయ్, ఇది ఊగుతోందే" అన్నారు. "పండగ వెళ్ళనీండి అత్తయ్యా, చూపిద్దాం" అన్నాను నేను. పండగకి పట్టుచీర అంచు కుట్టించడానికి మాత్రం నాకు తీరిక దొరికింది.

వ్రతం నాడు ఇంటినిండా పేరంటాళ్ళు. మధ్యాహ్నం పులిహోర తింటూండగా ముద్దతోపాటు అదీ లోపలికి జారిపోయింది. ఆవిడ నెమ్మదిగా లేచి పెరట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా రెండు అరటిపళ్ళు మింగారట, తోసుకుపోతుందని. పోలేదు. సాయంత్రం దాకా పెదవులు బిగించుకునే నవ్వుతూ, అందరికీ తాంబూలాలు అందిస్తూ తిరిగారు. రాత్రి ఏడింటికి నేను గదిలోకి వెళితే, చేతిలో గ్లాసు పెట్టుకుని ఊరిన ఉమ్మినల్లా అందులోకి వదులుతున్నారు. అదికూడా గొంతు దిగడం లేదన్నమాట.

"ఏమైంది అత్తయ్యా?" అంటే ఏం లేదన్నట్టు చెయ్యి ఊపారు. ఖాళీగా ఉన్న పళ్ళ డబ్బా చూసి నేనే కనిపెట్టాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని గంటలైంది?" అని. "ఆరు గంటలు దాటింది" అని చెప్పి నేను తల వంచుకున్నాను. ఎక్స్‌రేలో పళ్ళ ప్లాస్టిక్ కనబడనే లేదు. ఆ రకం ప్లాస్టిక్ ఎక్స్‌రేకి అందదట. తీగ కొక్కేలు రెండూ మాత్రం అన్ననాళంలో తెల్లగా మెరిశాయి. ఆ తీగే లేకపోతే ఫిల్ము చూసి ఏమీ లేదనుకునే ప్రమాదం ఉందన్నారు. అందుకే మింగానని మనిషి నోటితో చెప్పడం అంత ముఖ్యం.

ఆయన ఓపిగ్గా వివరించారు. మింగిన వస్తువు పొట్టలోకి చేరిందంటే నూటికి ఎనభై, తొంభై పాళ్ళు దానంతట అదే బయటికి పోతుంది. దంతవైద్యుడి దగ్గర జారిన చిన్న క్యాపులాంటివి చాలావరకు అలాగే పోతాయి. కానీ వాడి కొనలున్నది అన్ననాళంలో ఇరుక్కుంటే ఆగకూడదు, గంటల్లో తీసెయ్యాలి. గోడకి చిల్లు పడితే చీము గుండె చుట్టుపక్కలకి పాకి ప్రాణం మీదికి వస్తుంది. అన్నం ముద్దలూ అరటిపళ్ళూ మింగించడం, వేలు పెట్టి వాంతి చేయించడం రెండూ తప్పే. కొక్కెం ఇంకా లోతుగా దిగుతుంది.

మత్తు ఇచ్చి, కెమెరా ఉన్న గొట్టం నోట్లోంచి పంపి, చిన్న పటకారుతో దాన్ని పట్టుకున్నారు. పైకి లాగేటప్పుడు కొక్కేలు గొంతు చీల్చకుండా గొట్టం కొనకి గొడుగులాంటి రబ్బరు తొడుగు తొడిగారు. కోత లేదు, కుట్టు లేదు. మర్నాటికి ఆవిడ పల్చటి మజ్జిగ తాగారు.

ఏదైనా ముంచుకొస్తే దాని గురించి పుస్తకాలు తిరగెయ్యడం నాకు అలవాటు. అప్పుడే తెలిసింది, 1868లో జర్మనీలో కుస్మాల్ అనే వైద్యుడు మనిషి కడుపులోకి మొదటిసారి గొట్టం దించి చూసింది కత్తులు మింగే గారడీవాడి మీదట! వంగని గొట్టాన్ని మింగగలవాడు అతనొక్కడే దొరికాడు మరి. వంగే గొట్టాన్ని తయారుచేసిన హిర్షోవిట్జ్ 1957లో ముందు తన గొంతులోనే దించుకుని చూసుకున్నాడు. ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో షెవాలియర్ జాక్సన్ అనే డాక్టరు సేకరించిన 2,374 వస్తువులు ఉన్నాయి. అన్నీ మనుషులు మింగినవీ, ఊపిరితో లోపలికి పీల్చినవీ. పిన్నీసులు, గుండీలు, నాణేలు, కట్టుడు పళ్ళు సొరుగుల్లో వరసగా పేర్చి ఉంటాయట. ఎంతమంది తల్లులు ఎన్ని రాత్రులు ఏడ్చి ఉంటారో ఆ సొరుగుల ముందు!

అమెరికా రచయిత షెర్వుడ్ ఆండర్సన్ సంగతి మరీ బాధగా అనిపించింది. 1941లో దక్షిణ అమెరికాకి ఓడలో వెళుతూ కడుపునొప్పితో పనామాలో చనిపోయాడు. తరవాత కోసి చూస్తే పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి పేగుని పొడిచేసి ఉంది. పాపం, ఆయనకి మింగిన సంగతే తెలిసి ఉండదు, కనక చెప్పలేదు. మా అత్తగారికి తెలుసు, అయినా చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని అడిగాను. "పండగపూట నీకు హైరానా ఎందుకులే అమ్మాయ్ అనుకున్నాను. అందరూ నవ్వుతారనీనూ" అన్నారు.

చూడడానికి వచ్చిన చుట్టాలంతా "ఎంత ఓర్పమ్మా మీ అత్తగారికి!" అన్నారు. మావారు కూడా గర్వంగా తలూపారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ముందు ఆవిడ మీద. ఎదుటివాళ్ళకి కష్టం కలగకూడదని దాచడం త్యాగమే అనుకుందాం. కానీ ఆ రాత్రి ఏదైనా అయి ఉంటే, ఆ త్యాగం బరువు జన్మంతా మోసేది ఎవరు? మేం కాదూ? తప్పనిసరి బాధని భరిస్తే అది ఓర్పు. చెబితే తీరిపోయే బాధని దాచుకుంటే అది ఓర్పు కాదు, దాపరికం. రెండూ పైకి ఒక్కలాగే మౌనంగా కనబడతాయి, అంతే.

తరవాత కోపం నా మీదికి మళ్ళింది. ఆవిడ చెప్పలేదంటాను గాని, రెండుసార్లు చెప్పారు కదా! విననిది నేను. చెప్పిన మాటకి విలువ లేదని తెలిశాక మూడోసారి ఎవరు చెబుతారు? ఇంట్లో ఒకరు దిగమింగుతున్నారంటే, వాళ్ళ ఓర్పుని పొగిడేముందు మన చెవులు ఏం చేస్తున్నాయో చూసుకోవాలి. ఆ పొగడ్త కూడా ఒక ఎత్తే నేమో. పొగిడితే వాళ్ళు మాట్లాడరు, మనకి పని తప్పుతుంది.

కొత్త సెట్టు పెట్టించాం. రాత్రి తీసి నీళ్ళలో వేసి పడుకోమనీ, కాస్త వదులైనా ఆ రోజే రమ్మనీ దంతవైద్యుడు మరీమరీ చెప్పాడు. మా అత్తగారు ఆ మాట గట్టిగానే పట్టుకున్నారు. నేను పోపు వేస్తున్నా, రాసుకుంటున్నా సరే, వారానికి రెండుసార్లు "అమ్మాయ్, ఇది ఊగుతోందేమో చూడు" అంటూ నోరు తెరుచుకుని వచ్చి నిలబడతారు.

చాలాసార్లు ఊగదు. అయినా స్టవ్ కట్టేసి చూస్తాను.