తీగ తెగిన తరువాత

2024 ఏప్రిల్‌లో తూర్పు ఉక్రెయిన్‌లోని క్రస్నొహోరివ్కా దగ్గర ఒక రష్యన్ ట్యాంకు కనిపించింది. చెబితే తప్ప అది ట్యాంకని పోల్చుకోలేం. పైనా పక్కలా ఇనప రేకులు కప్పేసి, కోళ్ళ షెడ్డు లేచి నడిచొస్తున్నట్టు ఉంది. ఆ రేకుల వల్ల టరెట్ చుట్టూ తిరగలేదు. లోపలివాళ్ళకి ఎదురుగా ఉన్నది తప్ప పెద్దగా ఏమీ కనపడదు. జనం దానికి ‘తాబేలు ట్యాంకు’ అని పేరుపెట్టి నవ్వుకున్నారు. కానీ డ్రోన్లు వచ్చి కొడుతున్నా అలాంటివి తమ దారిన తాము పోవడం ఆ తరువాత వీడియోల్లో చూశాం. నవ్వినవాళ్ళు తగ్గారు, షెడ్లు పెరిగాయి.

ఇంత అవస్థ ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే ట్యాంకు ఒంటిని చూడాలి. 1916 సెప్టెంబర్ 15న సోమ్ యుద్ధంలో మొదటిసారి దిగిన రోజు నుంచీ ట్యాంకుకి శత్రువు ప్రధానంగా ఎదుటివాడే. అందుకే ఉక్కంతా ముందు భాగంలో పేరుస్తారు. అన్ని వైపులా అంతే మందం పెడితే బరువుకి బండి కదలదు కాబట్టి నెత్తిమీదా వెనకా పలచగా వదిలేస్తారు. ఎఫ్.పి.వి. డ్రోను సరిగ్గా అక్కడికే వస్తుంది. నడిపేవాడు కళ్ళకి అద్దాలు తగిలించుకుని, డ్రోను కెమెరా చూపించేదే చూస్తూ, ఇంజను మీదనో, తెరిచి ఉన్న మూత మీదనో దించుతాడు. డ్రోను ఖరీదు సుమారు 500 డాలర్లు. దానికి కట్టేది చాలాసార్లు పాత ఆర్.పి.జి. గుండే. అవతల ట్యాంకు ఖరీదు లక్షల డాలర్లలో ఉంటుంది. టి-72 లాంటి వాటిలో చాలా గుళ్ళు టరెట్ కిందే గుండ్రంగా పేర్చి ఉంటాయి. అవి అంటుకుంటే లోపలున్న ముగ్గురికీ బయటపడే వ్యవధి ఉండదు.

అందుకని ట్యాంకులు మారడం మొదలుపెట్టాయి. టరెట్ల మీద ఇనప పంజరాలు 2021 చివర్లోనే, ఈ యుద్ధానికి ముందే కనిపించాయి. తరువాత వలలు, గొలుసులు, పేలుడు ఇటికలు వచ్చాయి. 2023 అక్టోబర్ తరువాత ఇజ్రాయెల్ మెర్కావాల మీదా పంజరాలు వెలిశాయి. ఇవన్నీ డ్రోనుని పైనే, కాస్త దూరంగా పేలేలా చేసే ప్రయత్నాలు. వీటికంటే తెలివైనది జామర్. డ్రోనుకీ నడిపేవాడికీ మధ్య ఉన్నది ఒక రేడియో సంబంధం. ఇటునుంచి ఆజ్ఞ వెళ్తుంది, అటునుంచి బొమ్మ వస్తుంది. ట్యాంకు మీద బిగించిన జామర్ అదే ఫ్రీక్వెన్సీలో అరిచి గోల చేస్తుంది. మనిషి తెరమీద బొమ్మ చెదిరిపోతుంది, డ్రోను దారి తప్పుతుంది.

దీనికి అవతలివాళ్ళు రెండు జవాబులు కనిపెట్టారు. మొదటిది, గాలిలో మాట అందకపోతే తీగ కట్టడం. 2024 నుంచి సన్నటి ఆప్టికల్ ఫైబర్ కండె విప్పుకుంటూ పది కిలోమీటర్లు, ఇంకా దూరం కూడా వెళ్ళే డ్రోన్లు వచ్చాయి. పొలాల మీద సాలెగూళ్ళలా పరుచుకున్న ఆ పోగుల ఫోటోలు చాలామంది చూసే ఉంటారు. రెండోది, మనిషి అవసరాన్నే తగ్గించడం. నడిపేవాడు దూరంనుంచే ‘ఇదిగో, ఇది’ అని ట్యాంకుని గుర్తుపెడతాడు. ఆఖరి కొన్ని వందల మీటర్లు డ్రోనులోని చిప్ ఆ ఆకారాన్ని పట్టుకుని తనే పోతుంది. సంబంధం తెగినా ఆగదు.

నా ప్రశ్న ఈ రెండో జవాబు గురించి. పంజరం కట్టుకున్నవాణ్ణి ఎవరూ తప్పుపట్టలేరు. జామర్ బిగించుకున్నవాడూ అంతే, ప్రాణం కాపాడుకుంటున్నాడు. కానీ జామర్ అనే ఈ కవచం ఆపేది గుండుని కాదు. ఆయుధానికీ దాన్ని వదిలిన మనిషికీ మధ్యనున్న చూపుని తెంపుతుంది. చూపు తెగినప్పుడల్లా చూపు అక్కర్లేని ఆయుధం తయారుచేయాలన్న ఒత్తిడి పెరుగుతుంది. ఆత్మరక్షణలో ఏ పాపమూ లేకపోవచ్చు. దాని ఫలితం మాత్రం యుద్ధంలోంచి మనిషిని ఒక్కో అడుగు బయటికి నెడుతోంది.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇది తెలిసిన సమస్యే. నెట్‌వర్క్ తెగినప్పుడు ఏం చెయ్యాలి? మళ్ళీ ప్రయత్నించాలా, ఆగిపోవాలా, చివరగా తెలిసినదాన్నే నమ్ముకుని ముందుకెళ్ళాలా? ఆ ఒక్క లైనులో చాలా ఉంటుంది. రైల్వే వాళ్ళు దీన్ని ఎప్పుడో తేల్చుకున్నారు. సర్క్యూట్ తెగితే సిగ్నల్ ఎర్రగా మారాలి. లిఫ్టుకి కరెంటు పోతే బ్రేకు దానంతటదే పట్టుకోవాలి. అనుమానం వస్తే ఆగు అన్నది సూత్రం. ఈ డ్రోనులో అది తలకిందులైంది. తీగ తెగితే పచ్చదీపమే.

ఆగడానికి అవకాశం ఉండటం వల్ల ఒరిగేదేమిటి? 2023 మే నెలలో బఖ్ముత్ దగ్గర కందకంలో చిక్కుకున్న ఒక రష్యన్ సైనికుడు పైనున్న ఉక్రెయిన్ డ్రోనుకి చేతులతో సైగలు చేశాడు, చంపొద్దని. నడిపేవాళ్ళు అది చూశారు. తన వెంట రమ్మని రాసిన చీటీ ఒకటి డ్రోను జారవిడిచింది. అతను దాని వెనకే నడిచి వచ్చి లొంగిపోయాడు. లొంగిపోతున్నవాణ్ణి కొట్టకూడదని జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ 41వ అధికరణం చెబుతుంది. దాన్ని పాటించాలంటే ముందు ఎవరో ఒకరు చూడాలి కదా. ట్యాంకు ఆకారాన్ని పట్టుకుని వస్తున్న చిప్పుకి మూతలోంచి బయటికొచ్చిన తెల్లగుడ్డ కనపడదు. గుడ్డ ఊపినా ట్యాంకు ఆకారం మారదు మరి.

దీనికి గట్టి ఆక్షేపణే ఉంది. ఫిరంగి గుండుని మాత్రం ఎవరు వెనక్కి పిలిచారు? పూడ్చిన మందుపాతర ఎవరి మొహం చూసింది? నిజమే. అయితే మనుషుల కోసం పెట్టే మందుపాతరల్ని 1997లో ఒట్టావా ఒప్పందంతో నిషేధించడానికి ఒక ముఖ్య కారణం అదే, అవి ఎవరినీ చూడవు. మనిషి నడిపే డ్రోను ఎంత క్రూరమైనదైనా, ఫిరంగికి లేని ఒక గుణం దానికి ఉంది. ఆఖరి క్షణం దాకా పక్కకి తిప్పేయవచ్చు. ఉన్న గుణాన్ని పోగొట్టుకోవడం, అసలు లేకపోవడం ఒకటి కాదు.

చూసే మనిషి ఉంటే దయ ఉంటుందని కూడా నేననను. ఖెర్సోన్‌లో రష్యన్ డ్రోన్లు మామూలు పౌరుల్ని వెంటాడి చంపడం మానవాళిపై నేరమని ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2025 మేలో తేల్చింది. అక్కడ నడిపినవాళ్ళు అంతా చూస్తూనే చేశారు. చూపు దయకి హామీ కాదు. కానీ చూశాడు కాబట్టే వాడు నేరస్థుడు. ‘నువ్వు చూశావు, అయినా ఆపలేదు’ అని అడగడానికి ఒక మనిషి మిగిలాడు. చిప్పు చంపినప్పుడు ఆ ప్రశ్న ఎవరిని అడగాలి? గురిపెట్టి వదిలినవాడు బొమ్మ పోయిందంటాడు. ప్రోగ్రాం రాసినవాడు ఆకారం సరిగ్గానే పట్టిందంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు.

2023 డిసెంబర్‌లో స్వయంచాలిత ఆయుధాల మీద ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో తీర్మానం వస్తే 152 దేశాలు అవునన్నాయి, నాలుగు కాదన్నాయి. ఆ నాలుగింటిలో రష్యా ఉంది, మన దేశమూ ఉంది. మనం దీన్ని ఎవరి యుద్ధమో అన్నట్టు దూరంనుంచి చూడలేం.

ఈ చిక్కు మన కథల్లో పాతదే. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ అస్త్రం వేస్తే, దాన్ని చల్లార్చడానికే అర్జునుడూ అస్త్రం వేస్తాడు. వ్యాసుడూ నారదుడూ మధ్యలో నిలబడి ఇద్దర్నీ ఉపసంహరించమంటారు. అర్జునుడికి వేయడమూ తెలుసు, వెనక్కి తీయడమూ తెలుసు, తీసుకుంటాడు. అశ్వత్థామకి వేయడమే వచ్చు. వెనక్కి రాని అస్త్రం ఎక్కడో ఒకచోట పడాలి కదా, అది ఉత్తర గర్భం మీద పడింది. అక్కడ బిడ్డని బతికించడానికి కృష్ణుడు ఉన్నాడు.