దీపం వెలుగుతోంది, కాని కనబడుతోందా?



మన పిల్లలు, బంధువులు ఎందరో ఇప్పుడు అమెరికాలోను, కెనడాలోను స్థిరపడి ఉన్నారు. చలికాలం వచ్చిందంటే అక్కడ చాలా చోట్ల మంచే మంచు. ఆ మంచులో కారు నడిపేవారికి కొంతకాలంగా ఒక కొత్త చిక్కు వచ్చి పడింది. చిక్కు చిన్నదే. కాని అది మన మనస్సాక్షిని అడిగే ప్రశ్న చిన్నది కాదు.

పాత కార్ల హెడ్‌లైట్లలో హాలోజన్ బల్బులు ఉండేవి. సాధారణంగా ఒక్కొక్కటి 55 వాట్లది. అది తీసుకునే కరెంటులో అత్యధిక భాగం వెలుగుగా కాక వేడిగా మారిపోయేది. ఆ వేడి వెలుగుతోపాటే ముందుకు వచ్చి లైటు అద్దాన్ని వెచ్చగా ఉంచేది. అద్దం మీద పడిన మంచు చాలావరకు కరిగి జారిపోయేది. డ్రైవరుకు ఆ సంగతి పట్టించుకోవలసిన అవసరమే ఉండేది కాదు.

ఇప్పటి ఎల్.ఇ.డి. లైటు అలా కాదు. తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు ఇస్తుంది, ఏళ్ళ తరబడి మన్నుతుంది. దానిలోనూ వేడి పుడుతుంది గాని, అది ముందుకు రాదు. దీపం వెనుక అమర్చిన లోహపు రెక్కలు దానిని వెనక్కు లాగివేస్తాయి. అద్దం చల్లగానే ఉంటుంది. తడిమంచు వచ్చి అంటుకుంటే ఇక వదలదు. లోపల దీపం దేదీప్యమానంగా వెలుగుతూనే ఉంటుంది. బయట మాత్రం చీకటి.

చూశారా! మనం దుబారా అనుకొని తీసివేసిన దానిలో ఒక మేలు దాగి ఉన్నది. అలాగని పాత బల్బులకు తిరిగి వెళ్ళనక్కరలేదు. కాని ఆ వేడి చేసిపెట్టిన పని ఇప్పుడు ఎవరో ఒకరు చేతితో చేయాలి. ఎవరు చేయాలి?

వీధి కూడళ్ళలోని సిగ్నల్ దీపాలకూ ఇదే చిక్కు వచ్చింది. 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, ఓస్వీగో పట్టణంలో మంచు తుఫాను వచ్చింది. ఒక కూడలిలో ఎల్.ఇ.డి. సిగ్నల్‌ను మంచు కప్పివేసింది. పచ్చదీపం చూసుకుని ఒక యువతి ఎడమవైపు తిరుగుతున్నది. ఎదురుగా వస్తున్న డ్రైవరుకు తన వైపు సిగ్నల్ మంచులో మునిగిపోయిందని తెలియలేదు. నేరుగా వచ్చి ఆమె కారును ఢీకొన్నాడు. ఆమె ప్రాణం పోయింది. ఆ డ్రైవరుకు తీర్పు తీర్చడానికి ఇది చెప్పడం లేదు. ఒక దీపం కప్పబడితే ఎంత నష్టమో గ్రహించడానికి మాత్రమే.

"నాకు తెలియదు" అనే మాట మనమందరం అంటాం. తెలియకపోవడం రెండు రకాలు. తెలుసుకోవడానికి ఏ దారీ లేకపోవడం ఒకటి. తెలుసుకోవడానికి దారి ఉండి కూడా చూడకపోవడం మరొకటి. మొదటిదానికి ఎవరూ మనల్ని నిందించరు. రెండవదానికి?

కారులో కూర్చున్నవాని స్థితి ఆలోచించండి. లోపల వెచ్చగా ఉంది. వైపర్లు ముందు అద్దాన్ని తుడుస్తున్నాయి. లైట్లు వెలుగుతున్నాయని ఎదుట గుర్తు చూపిస్తోంది. ఊళ్ళో వీధి దీపాలు ఎలాగూ ఉన్నాయి. అంతా సవ్యంగానే ఉందనుకుంటాడు. ఎవరి వీపు వారికి కనపడదు గదా! కాని హెడ్‌లైటు మనం చూడడానికే కాదు, మనం ఎదుటివారికి కనబడడానికి కూడా. మొదటిది మన అవసరం. రెండవది మనం ఇతరులకు పడిన బాకీ. రోడ్డు దాటుతున్న ముసలాయన ఆ బాకీ వచ్చి మనల్ని అడగలేడు.

"కారు తయారుచేసినవారే చూసుకోవాలి" అంటారా? అదీ న్యాయమే. ఐరోపా నిబంధనల ప్రకారం 2000 ల్యూమెన్లకు మించిన కాంతినిచ్చే దీపాలు వాడిన హెడ్‌లైట్లకు వాటిని శుభ్రపరిచే ఏర్పాటు ఉండాలి. ఆ హద్దు లోపలి లైట్లకు ఆ నిర్బంధం లేదు. సన్నని తీగలతో అద్దాన్ని వేడిచేసే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. అవి అన్ని కార్లకూ రావాలని కోరుదాం. కాని అవి వచ్చేదాకా మన బాధ్యత వాయిదా పడదు. చట్టం అడిగినంతే చేసి చేతులు దులుపుకొంటే, చట్టం అడగనిచోట మనిషి ప్రాణానికి విలువ లేదని చెప్పినట్లే గదా!

చేయవలసింది రెండు నిమిషాల పని. బయలుదేరేముందు మెత్తని బ్రష్‌తో ముందు లైట్లు, వెనుక లైట్లు కూడా తుడవాలి. లైటు అద్దం ప్లాస్టిక్‌ది కాబట్టి ఇనుప పరికరంతో గీకరాదు. సలసల కాగే నీళ్ళు పోయరాదు, పగిలిపోవచ్చు. గడ్డకట్టిన మంచుకు దానిని కరిగించే ద్రవం దొరుకుతుంది. దూర ప్రయాణంలో పెట్రోలు బంకు వంటి సురక్షితమైన చోట ఆగి మళ్ళీ తుడవాలి. చలిలో దిగడానికి బద్ధకమే. ఆ బద్ధకాన్ని జయించడమే ఇక్కడ ధర్మం.

ఈసారి ఫోనులో "స్వెట్టరు వేసుకున్నావా?" అని అడిగే తల్లులు "లైట్లు తుడిచావా?" అని కూడా అడగండి. మంచు పడని ఊళ్ళో ఉన్నాం, మనకేమిటి అనుకోకండి. వానాకాలంలో మన లారీల, ట్రాక్టర్ల వెనుక దీపాలు బురదతో పూడిపోయి ఉండడం మనం చూడనిది కాదు. ఈ సాయంత్రం బండి తీసేముందు ఒక్కసారి దాని చుట్టూ తిరిగి చూడండి. జేబులో ఒక గుడ్డముక్క ఉంచుకోండి.