చిన్న పేరుతో పిలిచిన నోరు

తెలుగునాట గృహిణుల నోట తరతరములుగా వినవచ్చుచుండిన కొన్ని మాటలు ఈనాడు అరుదగుచున్నవి. దీపము ఆరినప్పుడు "ఆరిపోయినది" అనక "కొండెక్కినది" అనుట, బియ్యము అయిపోయినప్పుడు "నిండుకున్నవి" అనుట, మంగళసూత్రము తెగినచో "పెరిగినది" అనుట, గడప దాటునప్పుడు "వెళ్తాను" అనక "వెళ్ళి వస్తాను" అనుట మన ఇండ్లలో నిన్నమొన్నటి వరకు వేరుగా నేర్పనవసరము లేని మర్యాదలు. మశూచికమునకు దాని పేరు పెట్టక "అమ్మవారు" అనెడివారు. ఆ వ్యాధి లోకమునుండియే తొలగినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. మాట మాత్రము ఆటలమ్మ రూపమున ఇంకను నిలిచియున్నది. తక్కిన మాటలకు అంతటి ఆయుర్దాయము కనబడుట లేదు. "బియ్యం అయిపోయాయి", "దీపం ఆరిపోయింది" అని చదువుకున్న కోడలు సహజముగా అనును. అత్తగారి ముఖము చిన్నబోవును. ఆ పూట ఇంట మాటలు తగ్గును.

శ్రీవైష్ణవ గృహములలో ఈ మార్పు మరింత స్పష్టము. అచట వంట అనరు, తళిగ అందురు. చారు చాత్తముదు, కూర కరియముదు, పాయసము తిరుక్కణ్ణముదు, త్రాగునీరు తీర్థము. అముదు అనగా అమృతమే. వండునది ఇంటివారి కొరకు కాదు, పెరుమాళ్ళ ఆరగింపునకు. ఇంటివారికి దక్కునది శేషము. ఈ భావమునంతటిని ఒక్కొక్క పదార్థము పేరులో ఇమిడ్చి కాపాడినవారు ఘనపాఠులు కారు, పొయ్యి ముందు మడితో నిలిచిన స్త్రీలు. తిరుమల ఆలయమున స్వామివారి పోటుకు చేరువనే వకుళమాత కొలువైయున్నది. కుమారుని నైవేద్యమును తల్లి స్వయముగా కనిపెట్టుచుండునని భక్తుల విశ్వాసము. అట్టి సంప్రదాయమున పుట్టిన ఇంటిలో "రైస్ అయ్యింది, కర్రీ ఒక్కటే ఉంది" అను మాట వినబడినప్పుడు పెద్దల మనస్సు కలుక్కుమనుట అసహజము కాదు. ఆ బాధను చాదస్తమని కొట్టివేయరాదు. ఒక మాట పోయినప్పుడు దానితోడి తలపు కూడ పోవునేమో అను భయము అందులో ఉన్నది.

అయితే ఆ భయము ఎవరిపై కోపముగా మారుచున్నదో చూడవలెను. పురుషుల మాట ఎన్నడో మారినది. కచేరీ, వకీలు, దస్తావేజు అను మాటలు నవాబుల కాలమున, ఆఫీసు, కోర్టు, టికెట్టు అనునవి ఆంగ్లేయుల కాలమున వారి నోటనే ఇంటిలోనికి వచ్చినవి. కోర్టునుండి వచ్చి, కాళ్ళు కడుగుకొని, "అప్పీలు కొట్టేశారు" అని పీటమీద కూర్చున్న గృహస్థుని చూచి సంప్రదాయము చెడినదని ఎవరును విచారింపలేదు. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టినప్పుడును, 1883లో స్త్రీల కొరకు 'సతీహితబోధిని' పత్రికను వెలువరించినప్పుడును చదువుతో ఆడువారి నోరు పెరుగునని శంకించినవారు ఆనాటి సమాజమున లేకపోలేదు. మగవాడు మారిన పిదప రెండు మూడు తరములకు స్త్రీ మారినది. మొదటిదానికి లోకజ్ఞానమని పేరు, రెండవదానికి పతనమని పేరు!

భర్తను సంబోధించు విషయమున ఈ తారతమ్యము ఇంకను హెచ్చు. పూర్వము భార్య భర్త పేరు పలికెడిది కాదు. "ఏమండీ" అని పిలుపు, "మా ఇంట్లోవారు" అని ప్రస్తావన. క్రొత్త పెండ్లికూతురు గడప దాటబోవునప్పుడు వాకిట అడ్డు నిలిచి పేర్లు చెప్పించు వేడుకకు అంత ముచ్చట అందువలననే కలిగినది. జన్మలో ఒక్కనాడు పలుకు పేరు కదా! నేటి దంపతులలో అనేకులు ఒకే కళాశాలలో చదివినవారు, ఒకే కార్యాలయమున పనిచేయువారు. పెండ్లికి ముందునుండి పేరుతోనే పిలుచుకొనుచుందురు, "నువ్వు" అనుకొందురు. విదేశములలో పెరిగిన మన పిల్లలకు మీరు, నువ్వు అను భేదమే లేని ఆంగ్లము నిత్యభాష. వారు సెలవులకు వచ్చి తాతగారి ఎదుట "నువ్వు" అన్నప్పుడు అందరు నవ్వుకొందురు. కోడలు తన భర్తను "నువ్వు" అన్నప్పుడు ఎవరును నవ్వరు. ఆ భర్త ఆమెను "ఒసేయ్" అన్నచో అది వినబడినట్లే ఉండదు.

మర్యాద మాటలో ఉన్నదా, మనస్సులో ఉన్నదా అని ప్రశ్నించినచో మనస్సులోనే అని చాలమంది తొందరగా బదులు చెప్పుదురు. ఈ సమాధానము సగము మాత్రమే నిజము. మనస్సు కంటికి కనబడదు. అది ఎదుటివానికి చేరు దారులలో మాట ముఖ్యమైనది. "నిండుకున్నవి" అను మాటనే చూడుడు. అది అబద్ధము కాదు, వినువానికి నిజము తెలియుచునే యున్నది. అతిథి వాకిట ఉన్నప్పుడు, పసిపిల్లలు ఆకలితో ఉన్నప్పుడు, ఇంటి లేమిని చాటింపు వేయకుండ యజమాని చెవికి చేరవేయు నేర్పు అందులో ఉన్నది. ఏ తల్లియో కరవుదినములలో కన్నీరు కనబడనీయక కల్పించిన మాట అయియుండును. దీనిని మూఢనమ్మకమని పరిహసించువారు ఆ తల్లి హృదయమును ఎరుగరు. కాని ఆ మాటను కోడలి నోట పలికించుటకై ఆమెను నలుగురిలో కసరుకొను పెద్దలు మాత్రము ఎరిగినట్లా? లేమిని సైతము నొప్పి కలుగకుండ చెప్పుటకు పుట్టిన మాటను నొప్పి కలిగించుటకు సాధనముగా చేసినచో మిగులునది అక్షరములే. "ఏమండీ" అను పిలుపును విషము చిమ్ముచు పలుకవచ్చును; "మీరు" అనుచునే మనిషిని తృణీకరింపవచ్చును. అట్టి ఇండ్లు లేకపోలేదు.

భగవద్గీత పదునేడవ అధ్యాయమున శ్రీకృష్ణుడు వాక్కునకు చెందిన తపస్సును వివరించినాడు. ఇతరులకు ఉద్వేగము కలిగింపకుండుట అందులో మొదట చెప్పబడినది. సత్యము, ప్రియము, హితము అనునవి దాని వెంట వచ్చినవి. ఇది స్త్రీలకని, అది పురుషులకని అచట విభాగము లేదు. తప్పు పలికినవారికి ఈ తపస్సు ఎంత విధియో, ఆ తప్పును దిద్దువారికిని అంతే విధి. కురుసభలో ద్రౌపది ధర్మప్రశ్న వేసినది. తన్ను ఓడిన పిదప తనను ఒడ్డుటకు ధర్మరాజునకు అధికారము కలదా అని నిండుసభను అడిగినది. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. కర్ణుడు ఆమెనే నిందించెను. విదురుడు, వికర్ణుడు ఆమె పక్షమున నోరు విప్పిరి. కులస్త్రీ సభలో అంత గట్టిగా మాట్లాడవచ్చునా అని ఆనాడు ఎందరు అనుకొనిరో గాని, లోకము నేటికిని తప్పుపట్టుచున్నది పెద్దల మౌనమునే.

వైష్ణవ సంప్రదాయమున స్త్రీవాక్కునకు గల స్థానమును తలచుకొన్నచో నేటి కోపములు కొంత చల్లబడును. నమ్మాళ్వారులు తిరువాయ్‌మొళిలో అనేక పర్యాయములు నాయికయై, ఆమె తల్లియై, చెలియై మాట్లాడినారు. తిరుమంగై ఆళ్వారులును పరకాల నాయికగా పాడినారు. భగవంతునితో అతి చేరువగా మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ మహాపురుషులకు తమ సొంత గొంతు చాలలేదు. ఆడుదాని గొంతును అరువు తెచ్చుకొనిరి. మన తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) శృంగార సంకీర్తనలలో అలమేలుమంగ చేతను, ఆమె చెలుల చేతను స్వామిని ఏకవచనమున పిలిపించినారు, దెప్పించినారు, ఎత్తిపొడిపించినారు. ఆ పలుకుబడి పండితులది కాదు, ఆనాటి ఇండ్లలో స్త్రీలు ఆడుకొన్న నుడికారము. దానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండారములో భద్రపరచినారు. ఏ మాటతీరును గడుసుదనమని నేడు కొందరు ఇంటిలో అణచజూతురో, దాని పూర్వరూపము రాగిమీద నిలిచియున్నది.

తిరుక్కోళూరు స్త్రీ కథ అందరు విన్నదే. భగవద్రామానుజులు ఆ దివ్యదేశమునకు పోవుచుండగా ఒక సామాన్య స్త్రీ ఊరు విడిచి ఎదురు వచ్చినది. అందరు చేరగోరు ఊరును నీవేల విడుచుచున్నావని ఆచార్యులు ప్రశ్నింపగా, మహాభక్తులు చేసిన కార్యములను ఒక్కొక్కటిగా ఎత్తి, అట్టిది తానేమి చేసితినని ఎనుబదియొక్క మాటలలో ఎదురు ప్రశ్నించినది. యతిరాజునకు ఎదురు ప్రశ్న వేసినదని ఆమెను ఎవరును మందలింపలేదు. ఉడయవరులు విని, ఆమె జ్ఞానమునకు సంతోషించి, ఆమె ఇంట ప్రసాదము స్వీకరించినారు. ఆమె పలుకులు రహస్యగ్రంథమై నేటికిని నిలిచినవి. నోరు నిర్భయముగను, మనస్సు వినయముగను ఉండవచ్చుననుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఇక గోదాదేవి. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులు తిరుప్పావై వినిపింతురు. ఆ నెలయంతయు స్వామి మేలుకొనునది ఒక కన్య తన ఇంటిభాషలో పాడిన పాటతో. అందు గోపికల వ్రతనియమములు రెండవ పాశురమున ఉన్నవి. నేయి ఆరగింపరు, పాలు త్రాగరు, కాటుక దిద్దరు, పూలు ముడువరు. ఇతరులకు కీడు చేయు చాడీలు చెప్పరు. మాటకు సంబంధించి వారు పెట్టుకొన్న నియమము ఇది. ఎవరిని ఏమని పిలువవలెనన్న పట్టిక అందులో లేదు. పైపెచ్చు ఆ కన్యలు నిద్ర లేవని చెలిని ఆటపట్టింతురు; నీ కూతురు మూగదా, చెవిటిదా అని ఒక ఇంటి తల్లినే అడుగుదురు. పదునైదవ పాశురమున లోపలి చెలికిని వెలుపలివారికిని మాటకు మాట నడచును. ఇరుపక్షములకు కోపము రాదగిన సమయమున లోపలి చెలి, తప్పు నాదే కానిండు అని ఒప్పుకొనును. తనది కాని దోషమును సైతము తలవంచి స్వీకరించు ఆ మాటలో వైష్ణవ లక్షణమంతయు ఉన్నదని వ్యాఖ్యాతలు కొనియాడినారు. చిక్కేమనగా, ఈ పాశురమును పెద్దలు కోడళ్ళకు వినిపింతురు, కోడళ్ళు పెద్దలకు వినిపింపగోరుదురు. లోపలి చెలి వయస్సు ఎంతయో గోదాదేవి చెప్పలేదు.

ఇరువదియేడవ పాశురము కూడారై. నేయి మోచేతివరకు కారునట్లు పాలతో వండిన అన్నమును అందరు కలిసి చల్లగా ఆరగించు దినము అది. నేటికిని వైష్ణవ గృహములలో ఆనాడు ఎచటెచటి పిల్లలో ఇల్లు చేరుదురు, చేరలేనివారు దూరదేశములనుండి ఫోనులో బామ్మగారిని అడిగి వండుకొందురు. తిరుక్కణ్ణముదు అను పేరును క్రొత్తతరము మరల నేర్చుకొనుట తరచు ఆ రోజుననే జరుగుచున్నది. కసరుట వలన కాదు, రుచి వలన.

ఆ మరునాటి పాశురమున గోపికలు స్వామిని ఒక క్షమాపణ అడిగినారు. తాము పశువుల వెంట తిరుగు తెలివి లేని పిల్లలమనియు, ప్రేమవలన ఆయనను చిన్నపేర్లతో పిలిచితిమనియు, అందుకు కోపింపవలదనియు వేడుకొనిరి. ఆ చిన్నపేరు నారాయణ నామమేయని వ్యాఖ్యాతలు చమత్కరించినారు. గోవర్ధనమెత్తి గోవిందుడుగా పట్టాభిషిక్తుడైనవానికి గొల్లల చేరువ తెలుపు పేరే పెద్దది, పరత్వము తెలుపు పేరు చిన్నది. మన యాత్రికులు మెట్లెక్కుచు "ఏడుకొండలవాడా" అని పిలుచుచున్నారు. వాడు అనుటలో లోపమున్నదని కొండ మీద ఎవరును ఆపలేదు. గోపికలును క్షమాపణ వేడుకొన్నారు గాని పిలుపు మార్చుకొందుమని మాట ఇయ్యలేదు. ఇరువదితొమ్మిదవ పాశురమున సైతము ఆయనను వారు గోవిందా అనియే పిలిచిరి.