వణికే చేతికీ పూజ ఉంది

పార్కిన్సన్స్ వచ్చిన పెద్దల్ని చాలా ఇళ్లలో మెల్లగా పూజకు దూరం చేస్తారు. ఉద్ధరిణెలో నీళ్లు ఒలుకుతాయని, హారతి పళ్లెం జారుతుందని, గొంతు పైకి రావడం లేదని ఒక్కొక్క పనీ పిల్లలే అందుకుంటారు. ప్రేమతోనే చేస్తారు, కాదనలేం. కానీ ఒళ్లు నిలవనివారికి మనసూ నిలవదన్న నమ్మకం ఆ ప్రేమ వెనక దాగి ఉంటుంది. జబ్బు తీరు చూస్తే అది తప్పని తేలిపోతుంది. మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడంతో వచ్చే ఈ వణుకు, చాలామందిలో చేయి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడే ఎక్కువ. బొటనవేలూ చూపుడువేలూ జపమాల తిప్పుతున్నట్టే కదులుతుంటాయి. అదే చేయి పువ్వు కోసం చాచితే వణుకు తరచు తగ్గుతుంది. నలుగురూ చూస్తున్నారన్న బెరుకుతో పెరుగుతుంది. మనసుపెట్టి లెక్క కడుతున్నా పెరుగుతుంది. అంటే మనసు గట్టిగా లగ్నమైనప్పుడే చేయి ఇంకా వణకవచ్చు. ముఖ కండరాల కదలికా మందగిస్తుంది గనక భావం పైకి కనబడదు. ఆ ముఖం చూసి భక్తి లేదనడం ఎంత అన్యాయం!

ధ్యానంలో ఒళ్లు, తల, మెడ కదలకూడదని గీత ఆరో అధ్యాయం చెప్పింది కదా అనవచ్చు. నిజమే, అది కూర్చునే పద్ధతి. కానీ స్థితప్రజ్ఞుడు ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడని రెండో అధ్యాయంలో అర్జునుడు సూటిగా అడిగాడు. కృష్ణుడి జవాబంతా కోరిక, భయం, కోపం వదలడం గురించే సాగింది. అడుగు తడబడకూడదన్న మాటే లేదు. ఇక జబ్బు కర్మఫలం, మందుకన్నా మొక్కు మేలు అనేవారున్నారు. కానీ ఆయుర్వేదంలో చరకుడు చికిత్సను మూడు విధాలుగా చెప్పాడు: దైవాన్ని ఆశ్రయించేది, యుక్తితో మందూ ఆహారమూ ఇచ్చేది, మనసును నిగ్రహించేది. ఒకటి పట్టుకుని మిగతావి వదలమనలేదు. దిగులు కూడా ఈ జబ్బులో భాగమే కావచ్చు, దాన్ని భక్తి చాలకపోవడంగా లెక్కకట్టకూడదు. అలాగే ఏకాదశి ఉపవాసమని, పూజ కానీ అని ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర వేళ దాటించకూడదు. వేళ తప్పితే ఒళ్లు బిగుసుకుపోతుంది, ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం.

పూజగది గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోవడం వీరిలో చాలామందికి అనుభవమే. ఇరుకు దారులు, గుమ్మాలే ఎక్కువగా ఆపుతాయి. అప్పుడు చేయి పట్టి లాగితే పడిపోవచ్చు. నేలమీద అడ్డంగా గీసిన ముగ్గుగీత దాటమన్నా, చిడతలతో తాళం వేసినా అడుగు కదలడం కద్దు. భజనలో గొంతెత్తి పాడటం మాటకూ మంచి సాధన. కర్పూరం వెలిగించిన పళ్లెం మాత్రం చేతికివ్వకండి. పూలబుట్ట దగ్గరగా జరపండి, నీళ్లు తొణికితే తుడవండి. అష్టోత్తరం పూర్తయ్యేసరికి రోజూకన్నా ఆలస్యమవుతుంది, కానివ్వండి.