కింద పడిన పుస్తకం

తూర్పు యూరప్‌లోని గలీసియాలో, కార్పాతియన్ కొండల దిగువన ఓ చిన్న యూదుల ఊరు. అక్కడ కలప వ్యాపారి ఒకాయన కాలం చేస్తూ కొంత సొమ్ము ఊరికి వదిలి వెళ్ళాడు. "మన పిల్లలకు అందరికంటే ఎక్కువ మేలు చేసిన గురువెవరో తేల్చండి. ఆయన పేరు పింకస్‌లో రాసి, ఈ డబ్బు ఆయన చేతిలో పెట్టండి" అని వీలునామా. పింకస్ అంటే ఆ ఊరి యూదుల సంఘం చిట్టా. పెద్దల తీర్మానాలు, పన్నులు, దానాలు, తగవులు అన్నీ అందులోకి ఎక్కేవి. అందులో మంచి మాటతో పేరు పడడమంటే సామాన్యమైన సంగతి కాదు.

తేల్చే పని ముగ్గురి మీద పడింది. ఒకరు యూదుల మతగురువు రబ్బీ, ఒకరు ధాన్యం వర్తకుడు, మూడోవాడు వియన్నాలో చదివొచ్చిన డాక్టరు. వాళ్ళు ఊళ్ళోని కుర్రాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి "నీకు చదువు చెప్పిందెవరు?" అని అడిగారు. కొందరు యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ చెప్పే పండితుడి పేరు చెప్పారు. కొందరు పక్క పట్నంలోని యెషివా (మతవిద్యల పెద్ద బడి) అధిపతి పేరు చెప్పారు. ఊరి చివర తన ఇంటి గదిలోనే మూడు నాలుగేళ్ళ పిల్లలకు అక్షరాలు చెప్పే ముసలి మెలమెద్ ఒకాయన ఉన్నాడు. మన వీధిబడి పంతులులాంటివాడు. ఆయన పేరు ఒక్కరి నోటా రాలేదు.

చివరి రోజు సాయంత్రం ముగ్గురూ సినగాగ్‌లో కూర్చుని ఇద్దరు పండితుల మధ్య తేల్చుకోలేక వాదించుకుంటున్నారు. మాట మీద మాట పెరిగి వర్తకుడు బల్ల మీద గట్టిగా చరిచాడు. అంచున ఉన్న ప్రార్థన పుస్తకం జారి కింద పడింది. ముగ్గురూ ఒక్కసారే వంగారు. రబ్బీ చేతికి ముందు అందింది. ఆయన దాన్ని ముద్దుపెట్టుకుని బల్ల మీద పెట్టాడు. వర్తకుడు అట్టను వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను పెదవులకు ఆనించుకున్నాడు. ఏడాదికి రెండుసార్లు కూడా ప్రార్థనకు రాని డాక్టరూ అదే చేశాడు.

దీపాలు తుడుస్తున్న ముసలమ్మ అది చూసింది. "డాక్టరు బాబూ, పడిన పుస్తకాన్ని ముద్దుపెట్టుకోమని మీకెవరు నేర్పారు?" అంది.

"అది ఒకరు నేర్పేదేముందమ్మా? మొదటినుంచీ ఉన్నదేగా."

"మా అబ్బాయికి మొదటినుంచీ లేదు బాబూ. మూడేళ్ళప్పుడు పుస్తకం మీద ఎక్కి కూర్చునేవాడు. మెలమెద్ గారి దగ్గరికి పోయిన నెలకే, నా చేతిలోంచి చీపురు జారిపడితే దాన్నీ తీసి ముద్దుపెట్టుకున్నాడు. మీరు ముగ్గురూ ఆ గదిలోంచి వచ్చినవాళ్ళే. మొదటి రోజు మీరైతే, డాక్టరు బాబూ, గుమ్మం పట్టుకుని వదల్లేదు. అక్షరాల మీద తేనె రాసి, నాలుకకు తగిలించేదాకా మీ ఏడుపు ఆగలేదు."

డాక్టరు ఎంత ఆలోచించినా ఆ గది గుర్తుకు రాలేదు.

మర్నాడు రబ్బీ భార్య ఇంటింటికీ వెళ్ళి తల్లులను అడిగింది. నాలుగేళ్ళు వచ్చినా మాట రాని కొడుకును మెలమెద్ బలవంతపెట్టకుండా, పక్కన కూర్చోబెట్టుకుని రోజూ పుల్లతో అక్షరాలు చూపించే పని వాడికే అప్పగించాడని ఒక తల్లి చెప్పింది. భర్త పోయిన ఏడాది పొడుగునా జీతం మాటే ఎత్తలేదని ఇంకొకామె చెప్పింది. మిగిలిన ఇళ్ళలోనూ ఇలాంటివే.

పెద్దలు డబ్బు పట్టుకుని వెళ్ళేసరికి ఆయన ఒక పిల్లవాడి ముక్కు తుడుస్తున్నాడు. తీర్పు విని, "చిట్టాలో పేరు మీ ఇష్టం, అయ్యా" అన్నాడు. "ఈ గదిలో నలభై మంది ఉన్నారు. ఇందాక ఆ మూలనున్నవాడు ఎందుకు ఏడ్చాడో నాకు తెలియలేదు. నాకొక సహాయకుణ్ణి ఇప్పించండి."

రబ్బీ తల వంచుకున్నాడు. పిల్లలు నలభై మంది ఉంటే సహాయకుణ్ణి పెట్టాలన్న నియమాన్ని ఆయన ఏళ్ళ తరబడి తాల్ముద్ పాఠంలో చెబుతూనే ఉన్నాడు.

ఆ రోజు పింకస్‌లో మెలమెద్ పేరు రాశారు. కింది వరుసలో సహాయకుడి జీతం రాశారు.

నీతి: చిన్నపిల్లల గురువు చేసిన పని పిల్లవాడిలో కలిసిపోతుంది, గురువు మాత్రం వాడికి గుర్తుండడు. ఆ జ్ఞాపకాన్ని పెద్దలు మోయాలి, గురువు ఇంకా పనిలో ఉండగానే మోయాలి.

కథ నేను అల్లినదే. నియమం మాత్రం నిజంగా ఉంది. ఒక గురువుకు 25 మంది పిల్లలు, 40 మంది అయితే ఊరి ఖర్చుతో ఒక సహాయకుడు, 50 మంది అయితే ఇద్దరు గురువులు అని తాల్ముద్ చెబుతుంది. తండ్రి లేని పిల్లలు చదువుకు దూరమవుతున్నారని గమనించి, ప్రతి ఊళ్ళో గురువులను నియమించిన ప్రధాన యాజకుడు యెహోషువా బెన్ గమ్లాను కూడా అది గౌరవంగా తలుచుకుంటుంది. క్రీ.శ. 70లో యెరూషలేం ఆలయం కూలిపోవడానికి కొద్ది ఏళ్ళ ముందు మనిషి ఆయన.

తాల్ముద్‌లోనే ఇంకో సంగతి ఉంది. ఒక ఊళ్ళో వాన కోసం మహాపండితుడు రవ్ ఉపవాసం ప్రకటించినా చినుకు పడలేదు. ఒక సామాన్యుడు ముందుకొచ్చి ప్రార్థిస్తే పడింది. నువ్వేం చేస్తుంటావని రవ్ అడిగాడు. పిల్లలకు చదువు చెబుతాను, బీదవాళ్ళకూ ధనవంతులకూ ఒకేలా చెబుతాను, చదవనని మారాం చేసేవాడికి నా చెరువులో చేపలిచ్చి బుజ్జగిస్తాను అన్నాడతను. గురువును గుర్తించడమంటే ఇదీ అనిపిస్తుంది నాకు. వాన పడ్డాక రవ్ అడిగింది అతని పాండిత్యం గురించి కాదు, రోజూ చేసే పని గురించి.

ఇంత తెలిసిన సమాజమూ మరిచిపోయిన సందర్భాలున్నాయి. హీబ్రూ మళ్ళీ నోటి భాష అయిందంటే అందరూ ఎలియెజెర్ బెన్ యెహుదాను తలుస్తారు. ఆయన కృషి చాలా గొప్పది. కానీ ఒక భాషకు ప్రాణం రావాలంటే పిల్లలు ఆ భాషలో అలగాలి, పోట్లాడుకోవాలి, నీళ్ళడగాలి. 1898లో అప్పటి పాలస్తీనాలోని రిషోన్ లెజియోన్‌లో హీబ్రూ శిశువిద్యాలయం తెరుచుకుంది, తర్వాత మరికొన్ని వచ్చాయి. పిల్లల ఆటలకూ పాటలకూ హీబ్రూలో మాటలే సరిగా లేని రోజుల్లో ఆ గదుల్లో పనిచేసిన యువతుల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఈ రోజుల్లో యూదు విద్యలో పనిచేసేవారికి పురస్కారాలున్నాయి. అమెరికాలో కవనెంట్ ఫౌండేషన్ 1991 నుంచి ఇస్తోంది. శిశువిద్యాలయాల ఉపాధ్యాయినులకు ఇలాంటివి ఇంకా రావాలని నా కోరిక. అయితే ఎంపిక చేసేవాళ్ళు దరఖాస్తులు చదివి ఊరుకోకూడదు. శుక్రవారం ఉదయం తరగతిలో ఒక మూల కూర్చోవాలి. శనివారపు విశ్రాంతి దినమైన సబ్బాతు కోసం పిల్లలు హల్లా రొట్టె పిండి పిసుకుతూ, దానపు డబ్బాలో నాణెం వేయడానికి తోసుకుంటూ ఉంటే, వెనకబడ్డవాడి మీద ఉపాధ్యాయిని చూపు ఎన్నిసార్లు వాలుతుందో చూడాలి. బడి దాటిపోయిన పిల్లల తల్లులను అడగాలి. గదిలో ఎంతమంది పిల్లలు, ఎన్ని చేతులు అని ఆమెనే అడగాలి. చేతులు చాలకపోతే, జ్ఞాపికతో పాటు ఒక సహాయకురాలి ఏడాది జీతం కూడా ఆ బడికి ఇవ్వాలి.