హలాల్‌తో పాటు తయ్యిబ్

ధర్మసమ్మతమైన (హలాల్), పరిశుద్ధమైన (తయ్యిబ్) ఆహారం తినమని దివ్యఖురాన్ (2:168) ఆదేశిస్తోంది. మనం మొదటి షరతుతోనే సరిపెట్టుకుంటున్నాం.

పైరుకు పురుగుమందు కొట్టాక, పశువుకు సూదిమందు వేశాక నిర్ణీత గడువు ఆగాలి. ఆగకపోతే మందు అవశేషం కాయలో, పాలలో, మాంసంలో పరిమితి మించి ఉండిపోవచ్చు. ఈ పరిమితులు దేశానికో రకంగా ఉండకూడదనే ఐక్యరాజ్య సమితి ఆహార, ఆరోగ్య సంస్థలు 1963లో 'కోడెక్స్' సంఘాన్ని నెలకొల్పాయి. అయినా తేడాలు పూర్తిగా పోలేదు.

విదేశీ పరీక్షలో నిలవని మిర్చిని, రొయ్యను పొరుగువాడికి అమ్మితే అవి రెండు తూకాలు కావా? తూకంలో మోసగించేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. ధాన్యపు రాశిలో చెయ్యిపెట్టి దైవప్రవక్త (సల్లం) లోపలి తడిని బయటపెట్టారు. మందు అవశేషం చేతికి తగలదు. గడువు పాటించామో లేదో అల్లాహ్‌కు తెలుసు, మనకు తెలుసు.

అల్లాహ్ మనకు పరిశుద్ధమైన ఉపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.