కుక్క ఒంటి మీద గడ్డ

 

ఉపాసక ఉపాసికలారా, ఈసారి మా రాజు గురించి రాస్తున్నాను. రాజు మా కుక్క. తొమ్మిదేళ్ళవాడు. పోయిన ఆదివారం స్నానం చేయిస్తుంటే డొక్క పక్కన, చర్మం కింద, రేగిపండంత గడ్డ చేతికి తగిలింది. పిడుదు పట్టిందేమో అనుకున్నా. వెంట్రుకలు పాయతీసి చూస్తే పిడుదు కాదు. నొక్కినా వాడు మూలగలేదు.

పక్కింటి పెద్దమ్మ దిష్టి తీసి నల్లతాడు కట్టమంది. పంచశీల తీసుకున్న ఇంట్లో దిష్టి! ఒక తమ్ముడు సున్నం రాయమన్నాడు. ఇంకో అన్న, "మనకే ఆస్పత్రికి డబ్బుల్లేవు, కుక్కకి డాక్టరా?" అన్నాడు.

ఆ అన్న మాటను నేను తేలిగ్గా తీసిపారెయ్యను. దానికి చరిత్ర ఉంది. మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు పశువులు తాగొచ్చు, మనవాళ్ళు తాకకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెళ్ళి ఆ నీళ్ళు తాగాల్సి వచ్చింది. కానీ అన్నా, ఆ కట్టుబాటు పెట్టింది కుక్కలు కాదు గదా. 1956లో నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల పట్ల కరుణ చూపుతామన్నదీ ఉంది. డబ్బున్న రోజే పాటించండని అందులో లేదు.

విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగాడు. తోటి భిక్షువులకు బోధించింది ఆ తర్వాతే. ఇక పెద్దలు చెప్పారనో ఆనవాయితీ అనో దేన్నీ నమ్మొద్దని కాలాములకు చెప్పింది, మన సున్నానికీ తాడుకీ కూడా వర్తిస్తుంది.

గడ్డను చూసి, తడిమి ఇది ఫలానా అని చెప్పలేం. మెత్తగా, చర్మం కింద కదిలేవి చాలావరకు కొవ్వు గడ్డలు. వయసు మళ్ళిన కుక్కల్లో మామూలే. కానీ మాస్ట్ సెల్ కణితి అనే క్యాన్సరు కూడా అచ్చం అలాగే ఉండొచ్చు. ఒకరోజు ఉబ్బుతుంది, ఇంకోరోజు తగ్గుతుంది. తగ్గింది కదా అని ఊరుకుంటేనే మోసం. పశువైద్యుడు సన్నని సూదితో కణాలు తీసి మైక్రోస్కోపు కింద చూడాలి.

ఈలోపు తేదీ, సైజు రాసిపెట్టుకోండి. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయండి. పిసకొద్దు. మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వెయ్యొద్దు, అవి కుక్కకు విషం కావచ్చు. గడ్డ త్వరగా పెరిగినా, పుండుపడినా, ఆడకుక్కకు రొమ్ముల వరుసలో తగిలినా వాయిదా వేయకండి.

బుధవారం పశువుల ఆస్పత్రికి బయల్దేరాం. ఆటోవాడు కుక్కను ఎక్కించుకోనన్నాడు. డబ్బుల్లేవన్న ఆ అన్నే తన బండి తీశాడు. నేను వెనకాల రాజును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. స్లైడు ల్యాబుకి వెళ్ళింది, ఫలితం ఇంకా రాలేదు. పెద్దమ్మ రోజూ పొద్దున్నే వచ్చి, పెరిగిందా అని గడ్డ తడిమి చూస్తోంది. తాడు సంగతి మళ్ళీ ఎత్తలేదు.